కొంగలూ బాతులూ మెడలు వాల్చేసి పడుంటున్నాయి, ఇది బర్డ్ ఫ్లూయేనా?

గట్టుమీద గిరి (కైకలూరు దగ్గర)
అందరికీ నమస్కారం అండి. మా ఊరి శివార్లో పాత చేపల చెరువు ఒకటుంది, లీజు అయిపోయాక ఎవరూ చెయ్యట్లేదు, ఈ ఎండలకి నీళ్ళు సగానికి సగం ఇంకిపోయి అంచులంతా నల్ల బురద తేలింది. ఈ వారంలో ఆ బురదలో చచ్చిన పిట్టలు కనిపిస్తున్నాయి. మొదట రెండు మూడు చిలువ బాతులు, ఇప్పుడు గుడ్డికొంగలు కూడా. చచ్చినవాటి సంగతి అలా ఉంచితే కొన్ని బతికే ఉన్నాయి గానీ లేవలేకపోతున్నాయి, దగ్గరికెళ్తే రెక్కలతో నీళ్ళ మీద కొట్టుకుంటూ పాక్కుంటూ వెళ్తున్నాయి. ఊళ్ళో అప్పుడే బర్డ్ ఫ్లూ అని మొదలైంది. మా పిన్ని ఇంటి కోళ్ళన్నీ కోసేద్దామంటోంది. ఫొటోలు పెట్టాను చూడండి, ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నాకు టెన్షన్‌గా ఉంది.

మల్లెతీగ
బర్డ్ ఫ్లూయే, డౌటే లేదు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో ఫారం కోళ్ళు వేలల్లో చచ్చిపోలేదా? అక్కడికీ ఇక్కడికీ ఎంత దూరం. చికెన్, గుడ్లు మానెయ్యండి ముందు.

కొల్లేటి కొంగ
గిరీ, చచ్చిన పిట్టని చేత్తో ముట్టుకోవద్దు, మొదటి మాట అదీ. రెండో ఫొటోలో నువ్వు కాలు పట్టుకుని ఎత్తి చూపించావు, అలా చెయ్యకు తమ్ముడూ. చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కో, ఆ చెప్పులతో ఇంట్లో కోళ్ళ గూటి దగ్గరికి వెళ్ళకు.

పశువుల డాక్టరు (రిటైర్డ్)
ఫొటో చూసి రోగం పేరు చెప్పేవాళ్ళని నమ్మకండి, నన్ను కూడా. కొన్ని ప్రశ్నలు అడుగుతాను, వీలైతే దూరం నుంచి ఫోన్ జూమ్ చేసి చూసి చెప్పండి. ఏ ఏ జాతులు, ఎన్నెన్ని? లేవలేకపోతున్న వాటికి తల మెలితిరిగిపోతోందా, వణుకుతోందా, లేక బలం లేక మెడ వేలాడిపోతోందా? ఈ రెండూ ఒకటి కాదు. కళ్ళ మీద తెల్లపొర సగం కప్పి ఉంటోందా? చచ్చిన వాటికి పురుగు పట్టిందా, బతికున్న పిట్టలు ఆ పురుగుల్ని ఏరుకు తింటున్నాయా? ఊళ్ళో పెంపుడు కోళ్ళు గానీ బాతులు గానీ చచ్చాయా? కాకులు? చుట్టుపక్కల చేలల్లో ఈ మధ్య గుళికలు వేశారా, మందు కొట్టారా? చెరువులో చచ్చిన చేపలు ఉన్నాయా?

రొయ్యల రాజు (ఆకివీడు)
ఇదిగో వస్తుంది ఇప్పుడు, మందులు కొట్టింది చెరువులోళ్ళేనని. మా మీద వేసేయడం అలవాటైపోయింది. నా చెరువుల మీద ఏడాది పొడుగునా కొంగలు, నీటికాకులు వాలి కేజీలకి కేజీలు తినేస్తాయి, తాళ్ళు కడతాం, టపాకాయలు కాలుస్తాం, అంతే. విషం పెట్టేవాణ్ణి నేనైతే ఇంతవరకు చూడలేదు.

పశువుల డాక్టరు (రిటైర్డ్)
రాజు గారూ, మిమ్మల్ని అనలేదండి. విషం అవునో కాదో తేల్చుకోవాలి కాబట్టి అడిగాను. గింజలకి గుళికలు కలిపి ఎలకలకో నెమళ్ళకో పెట్టే పొలాలు ఉన్నాయి, అది మీకూ తెలుసు. అలాంటప్పుడు పిట్టలు ఒకేచోట, ఒకేపూట గుంపుగా పడతాయి, నోట్లోంచి చొంగ కారుతుంది, కొట్టుకుని కొట్టుకుని చస్తాయి, కోసి చూస్తే మెడ దగ్గరి మేత సంచిలో ఆ గింజలు అలాగే దొరుకుతాయి.

గట్టుమీద గిరి
సార్, పొద్దున్న మళ్ళీ వెళ్ళాను, గట్టు మీదే నిలబడి చూశాను. చిలువ బాతులు ఎక్కువ, ముప్పై దాకా ఉంటాయి, గుడ్డికొంగలు పదో పన్నెండో, పొడుగు కాళ్ళ నీటిపిట్టలు కొన్ని. మెడ తిరగట్లేదు సార్, వేలాడుతోంది. ఒకటి తల ఎత్తలేక ముక్కు నీళ్ళలో పెట్టేసి నా కళ్ళముందే మునిగిపోయింది. కంటి మీద పొర ఉంది. పురుగులు బాగా పట్టాయి, కొన్ని బాతులు అక్కడే ముక్కుతో కెలుకుతున్నాయి. కోళ్ళు బానే ఉన్నాయి, కాకులు కూడా. చెరువు అడుగున చచ్చిన చేపలు ఉన్నాయి, వాసన. ఇంకోటి, ఆ మూలన ఎవరో రాత్రిపూట కోడి వ్యర్థాలు పారబోస్తున్నారు, బస్తాలు తేలుతున్నాయి.

కొల్లేటి కొంగ
ఆ బస్తాలు క్యాట్‌ఫిష్ చెరువులకి దొంగచాటుగా మేతకి తెచ్చినవే అయ్యుంటాయి. పట్టుబడతామనుకున్నప్పుడు ఎక్కడ ఖాళీ చెరువుంటే అక్కడ దులిపేసి పోతారు.

పశువుల డాక్టరు (రిటైర్డ్)
ఇది విన్నాక నా అనుమానం బాట్యులిజం వైపు వెళ్తోంది. అనుమానమే, నిర్ధారణ కాదు. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

క్లాస్ట్రిడియం బాట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు చెరువు బురదలో ఏళ్ళ తరబడి ఊరికే పడుంటాయి, ఎవరికీ ఏ హానీ లేదు. ఎండలు ముదిరి, నీళ్ళు తగ్గి, గాలి ఆడని చోట మాంసం లాంటిది ఏదన్నా కుళ్ళితే, చచ్చిన చేప కావచ్చు, మీరు చెప్పిన కోడి వ్యర్థాలు కావచ్చు, అప్పుడు లేచి పెరుగుతాయి, విషం తయారు చేస్తాయి. ఆ విషం నరాల నుంచి కండరాలకి వెళ్ళే కబురుని ఆపేస్తుంది. అందుకే ముందు కాళ్ళు పోతాయి, తర్వాత రెక్కలు, తర్వాత కనురెప్ప, చివరికి మెడ. మీరు చూసిన బాతు విషంతో చచ్చేలోపే నీళ్ళలో మునిగి చచ్చింది, ఈ జబ్బులో చాలా పిట్టలకి అదే గతి.

అసలు ప్రమాదం ఆ తర్వాత. చచ్చిన పిట్టకి ఈగ పురుగు పడుతుంది. పురుగు ఆ విషాన్ని ఒంట్లో పోగేసుకుంటుంది గానీ దానికి ఏమీ కాదు. వేరే బాతు వచ్చి నాలుగైదు పురుగులు తింటే చాలు, అదీ పడిపోతుంది, దానికీ పురుగు పడుతుంది. రోగం ఒక పిట్ట నుంచి ఇంకో పిట్టకి అంటుకోవట్లేదు, శవం నుంచి వస్తోంది. శవాలు తీసేస్తే గొలుసు తెగుతుంది.

2019 నవంబరులో రాజస్థాన్‌లో సాంభర్ ఉప్పు సరస్సులో జరిగింది ఇదే. పద్దెనిమిది వేలకు పైగా పక్షులు పోయాయి. అక్కడా ముందు అందరూ బర్డ్ ఫ్లూ అన్నారు, ఫ్లూ పరీక్షలు చేసే భోపాల్ ల్యాబ్ కాదని చెప్పింది, బరేలీలోని పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐ వాళ్ళు బాట్యులిజం అని తేల్చారు. 2024లోనూ అక్కడే మళ్ళీ వచ్చింది, ఈసారి వందల్లో ఆగింది.

మల్లెతీగ
అంటే ఫ్లూ కాదన్నమాట. హమ్మయ్య. ఇక ఆదివారం మామూలే.

పశువుల డాక్టరు (రిటైర్డ్)
అలా అనలేదమ్మా. ఫ్లూ కాదని తేలేదాకా ఫ్లూ అనుకునే జాగ్రత్తపడాలి. అడవి బాతుల్లో కొన్ని ఏ లక్షణం లేకుండా ఆ వైరస్‌ని మోసుకు తిరుగుతాయి, అదే వైరస్ హంసలనీ కాకులనీ గద్దలనీ చంపేస్తుంది. 2021 జనవరిలో హిమాచల్‌లో పాంగ్ డ్యామ్ దగ్గర పట్టెతల బాతులు వేలల్లో పోయాయి, అది హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ. అదే నెల రాజస్థాన్ ఝాలావాడ్‌లో, ఇండోర్‌లో కాకులు చచ్చాయి, అది హెచ్5ఎన్8 అనే ఇంకో రకం. 2025 జనవరిలో లాతూర్ జిల్లా ఉద్గీర్‌లో మళ్ళీ కాకులే. మన దగ్గర కాకులు వరసగా చెట్ల కింద రాలుతున్నాయంటే ముందు ఫ్లూనే అనుమానించాలి. గిరి ఊళ్ళో కాకులు బాగున్నాయి, కోళ్ళు బాగున్నాయి, అది ఊరటే గానీ సర్టిఫికెట్ కాదు.

చికెన్ సంగతి, బాగా ఉడికిస్తే వైరస్ బతకదు. పచ్చి మాంసంతోనే భయం. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక చిన్నపాప హెచ్5ఎన్1తో చనిపోయింది, పచ్చి చికెన్ ముక్క తిన్నదని అప్పట్లో వార్తల్లో వచ్చింది. నాగపూర్ గోరెవాడ వన్యప్రాణి కేంద్రంలో పులులు కూడా ఈ వైరస్‌తోనే పోయాయి. ఇళ్ళల్లో పిల్లులకి పచ్చి కోడి తలకాయలు పడేసేవాళ్ళు ఉంటే మానెయ్యండి.

శ్రీకాకుళం సీను (టెక్కలి వైపు)
మాకు తేలినీలాపురం ఉంది కదండి, గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వస్తాయి, ఊళ్ళో ఆడపిల్లలు పుట్టింటికొచ్చినట్టు చూసుకుంటారు. అక్కడ గూడబాతులు చెట్ల మీంచి రాలిపోతుంటే మేమూ ఫ్లూ అనే అనుకున్నాం. తీరా చూస్తే కడుపులో ఏలిక పాములు. నత్తల్లోంచి చేపల్లోకి, చేపల్లోంచి పిట్టల్లోకి వెళ్తాయట. హిందూపురం వైపు వీరాపురంలోనూ ఇదే గొడవ. గిరి గారి దగ్గర కూడా అలా ఏమన్నా ఉంటుందా?

పశువుల డాక్టరు (రిటైర్డ్)
మంచి మాట గుర్తు చేశారు. ఆ పాముల జబ్బులో చచ్చేవి ఎక్కువగా చేపలు తినే పెద్ద పిట్టలు, అవీ చిక్కి శల్యమై, రొమ్ము ఎముక కత్తిలా పొడుచుకొచ్చి చస్తాయి. గిరి ఫొటోల్లో బాతులు నిండుగా ఉన్నాయి, పైగా చిలువ బాతు మేసేది గడ్డీ గింజలూ నత్తలూ. నిన్నటిదాకా బాగా తిని ఇవ్వాళ పడిపోయిన పిట్టలవి.

మెడ వాల్చడం గురించి ఒక పాత సంగతి చెప్తాను. 1990ల చివర్లో రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గరి కేవలాదేవ్ పక్షుల పార్కులో రాబందులు రోజుల తరబడి మెడ వాల్చుకుని కూర్చుని చచ్చిపోతుంటే అందరం ఏదో కొత్త వైరస్ అనే అనుకున్నాం. 2004లో తేలింది, పశువులకి నొప్పికి వాడే డైక్లోఫెనాక్ అని. ఆ సూది వేసిన గొడ్డు చస్తే దాన్ని తిన్న రాబందుకి మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. మా డిపార్టుమెంటు వాళ్ళమే ఆ సూదులు వేశాం. 2006లో పశువులకి నిషేధించారు. మెడ వాల్చిందని చూసి పేరు పెట్టకండని నేను పదే పదే అనేది అందుకే.

సీతాఫల్మండి సుజాత
మధ్యలో వస్తున్నందుకు సారీ. మా బాల్కనీలో పావురం ఒకటి తల గుండ్రంగా తిప్పేస్తోంది, గింజ వేస్తే పక్కన పొడుస్తోంది, గింజ మీద పడట్లేదు. ఇదీ అదేనా? పసుపు నీళ్ళు తాగిద్దామా అంటున్నారు మా అత్తయ్య.

కొల్లేటి కొంగ
సుజాత గారూ, పావురాలకి అలా తల మెలితిరగడం ఎక్కువగా వాటి పారామిక్సో వైరస్ వల్ల వస్తుంది, కోళ్ళ కొక్కెర తెగులు వైరస్‌కి దగ్గర చుట్టం. గిరి బాతులది మెడ వేలాడటం, మీ పావురానిది మెడ తిరగడం. పసుపు నీళ్ళు వద్దు, ఏ నీళ్ళూ ముక్కు తెరిచి పొయ్యొద్దు, మింగలేని పిట్టకి నీళ్ళు పోస్తే తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అట్టపెట్టెకి చిల్లులు పెట్టి, గుడ్డ వేసి, అందులో చీకట్లో ఉంచి డాక్టరుకి చూపించండి. ఎండిన రెట్ట ఊడ్చకండి, తడిపి తుడవండి, మాస్కు పెట్టుకుని.

వర్జీనియా వాసు
ఇక్కడ 2021 వేసవిలో వాషింగ్టన్ డీసీ, మేరీల్యాండ్, మా వర్జీనియాలో పిట్టలకి కళ్ళు వాచి, పుసులు కట్టి, తూలుతూ చచ్చిపోయాయి, ఎక్కువగా పిల్ల పిట్టలే. జనం చూసిన ప్రతిదీ ఫోన్లో ఫొటో తీసి వన్యప్రాణి శాఖ వెబ్‌సైటులో పెట్టారు, పెరళ్ళలో గింజల డబ్బాలు, నీళ్ళ తొట్లు అన్నీ దించేయమని అధికారులు సూచించారు. మా తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఎన్ని సిద్ధాంతాలో, ఆ ఏడే పదిహేడేళ్ళకోసారి వచ్చే సికాడా పురుగులు వచ్చాయి, వాటి మీద కొట్టిన మందని కొందరు, 5జీ అని కొందరు. ఎన్ని పరీక్షలు చేసినా కారణం దొరకలేదు, వేసవి చివరికి అదే తగ్గింది. ల్యాబులన్నీ ఉన్న చోటే అలా అయింది కాబట్టి గిరి గారు కారణం తేలలేదని దిగులు పడొద్దు.

మన వాళ్ళు ఎండాకాలం మేడ మీద పిట్టలకి మట్టి మూకుళ్ళలో నీళ్ళు పెడతారు కదా, మంచి పనే, కానీ రోజూ తోమి నీళ్ళు మార్చకపోతే ఊరి పిట్టల జబ్బులన్నీ అక్కడే పంచిపెట్టినట్టు. మేం వారానికోసారి తొమ్మిది వంతుల నీళ్ళకి ఒక వంతు బ్లీచ్ కలిపి నానబెట్టి, బాగా కడిగి, ఎండబెట్టి మళ్ళీ పెడతాం.

రొయ్యల రాజు
అమెరికా సంగతి సరే. గిరీ, ఎవరికన్నా చెప్పావా లేదా ఇంతవరకు? ఇక్కడ రాస్తూ కూర్చుంటే బాతులు బతకవు.

గట్టుమీద గిరి
చెప్పాను రాజు గారూ. ముందు ఒక ఆఫీసుకి వెళ్తే అడవి పిట్టలు మావి కాదన్నారు, రెండో ఆఫీసుకి వెళ్తే రోగం మాది కాదన్నారు. తర్వాత పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేశాను, వాళ్ళు రాసుకుని మండలం పశువుల డాక్టరు గారికి చెప్పారు, ఆవిడ ఫారెస్టు వాళ్ళని కూడా కలుపుకుని సాయంత్రానికి వచ్చారు. ఈలోపు ఘోరం ఏంటంటే, ఇద్దరు కుర్రాళ్ళు లేవలేని బాతుల్ని సంచిలో వేసుకుని వెళ్ళిపోతున్నారు, కూరకి. ఆపితే గొడవ.

పశువుల డాక్టరు (రిటైర్డ్)
ఆపి మంచి పని చేశారు. సులువుగా చేతికి దొరికిన అడవి పిట్టని ఎప్పుడూ తినకూడదు, ఫ్లూ అయినా, పురుగుమందు అయినా, బాట్యులిజం అయినా. పైగా వన్యప్రాణి చట్టం కింద కేసు కూడా. నాటు కోడికి డబ్బుల్లేకపోతే వంకాయ వండుకోమనండి.

మరి శాంపిల్ ఏం తీసుకున్నారు?

గట్టుమీద గిరి
సూట్లు, మాస్కులు వేసుకుని గొంతులోంచీ, వెనకవైపు నుంచీ పుల్లలతో తీశారు. తాజాగా చచ్చిన రెండింటిని ఐసు పెట్టెలో పెట్టుకుని వెళ్ళారు. మీరు రాసింది చూపించి లేవలేని వాటి రక్తం కూడా తియ్యమని అడిగాను, ఒకదానిది తీశారు. ఫ్లూ శాంపిల్ భోపాల్ వెళ్తుందన్నారు. ఫలితం వచ్చేదాకా ఊళ్ళో కోళ్ళని వదలొద్దు, కొయ్యొద్దు అన్నారు. మా పిన్ని ఒప్పుకుంది.

పశువుల డాక్టరు (రిటైర్డ్)
బతికున్న జబ్బు పిట్ట రక్తమే బాట్యులిజానికి అసలు సాక్ష్యం. కోసి చూస్తే లోపల ఏమీ కనిపించదు, అవయవాలన్నీ బాగానే ఉంటాయి. కుళ్ళిన శవంలో ఆ విషం ఎలాగూ పుడుతుంది, అందుకని దాన్ని పరీక్ష చేసినా ప్రయోజనం లేదు. ఇప్పుడు శవాలు తీసేయండి, అధికారులు సరే అన్నారు కాబట్టి. గమ్‌బూట్లు, రబ్బరు గ్లౌజులు, మాస్కు. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు. నీటికి దూరంగా కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. తుంగలో దాక్కుని చచ్చినవి కూడా వెతకాలి, వాటినే అందరూ వదిలేస్తారు. చచ్చిన చేపలూ, ఆ బస్తాలూ కూడా తీయాలి, లేకపోతే పిట్టల్ని ఎన్ని పూడ్చినా మళ్ళీ మొదలే.

కాకినాడ కల్యాణి
లేవలేనివాటిని ఏం చేస్తున్నారు మరి? వాటినీ చంపేస్తారా?

గట్టుమీద గిరి
లేదండి. ఫారెస్టు వాళ్ళు కొన్నిటిని తీసుకెళ్ళారు. నీడలో గోనె పట్టాల మీద, మెడకి ఆసరా పెట్టి ఉంచారు. డాక్టరు గారే సన్న గొట్టంతో నీళ్ళు పడుతున్నారు. కాళ్ళు మాత్రమే పోయినవి కోలుకుంటున్నాయి, మెడ పూర్తిగా వాలినవి చాలా వరకు పోయాయి.

కాకినాడ కల్యాణి
థాంక్స్. జబ్బు పిట్టల్ని చూసే మాకు ఈ నెలలో రోజుకొకరు గోరింక పిల్లనో పిగిలిపిట్ట పిల్లనో జబ్బు చేసిందని పట్టుకొస్తారు. ఒళ్ళంతా ఈకలు వచ్చి, తోక పొట్టిగా, నేల మీద గెంతుతూ ఉంటే అది జబ్బు కాదు బాబూ, ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి పక్క కొమ్మ మీదే అరుస్తూ ఉంటుంది. కుక్కలూ పిల్లులూ లేకుండా పక్క పొదలో పెట్టి వచ్చేయండి. ఎండదెబ్బకి పడిపోయిన గద్ద వేరు, నోరు తెరుచుకుని రొప్పుతుంది, దాన్ని నీడలో పెట్టెలో పెట్టి ఫారెస్టు వాళ్ళకి ఇవ్వండి. ముక్కు చుట్టూ, కాళ్ళ మీద బుడిపెలు కట్టిన పిట్టల ఫొటోలు కూడా పంపుతుంటారు, అది పక్షుల అమ్మవారు, దోమలతో వ్యాపిస్తుంది, చాలావాటికి తగ్గిపోతుంది, మీరు పట్టుకుని పసరు పూస్తే మాత్రం బెదురుతోనే చస్తాయి.

గట్టుమీద గిరి
అప్‌డేట్. భోపాల్ నుంచి ఫ్లూ లేదని వచ్చింది. రక్తం సంగతి ఇంకా తేలలేదు, ఒక్క శాంపిల్, అదీ చాలదేమో అంటున్నారు. పంచాయతీ వాళ్ళు జేసీబీ పంపారు, గొయ్యి తీశాం, చేపలూ బస్తాలూ అన్నీ అందులోకే. పక్క బోదె నుంచి కొత్త నీళ్ళు పెట్టారు. కొత్తగా పడేవి బాగా తగ్గాయి, నిన్న ఒక్కటే కనిపించింది. బస్తాలు పోసిన వాళ్ళెవరో మాత్రం ఎవరూ చెప్పట్లేదు.

మల్లెతీగ
అయితే చివరికి ఏ రోగమో తెలియనట్టేగా?

పశువుల డాక్టరు (రిటైర్డ్)
కాయితం మీద తెలియనట్టే. శవాలు తియ్యగానే చావులు తగ్గాయంటే నా అనుమానం బలపడింది, అంతవరకే. గిరీ, మిగిలిన ఎండాకాలం పొద్దున్న పొద్దున్నే ఒకసారి గట్టు చుట్టూ తిరిగిరండి, తేదీ, జాతి, ఎన్ని అన్నది ఒక నోట్‌బుక్కులో రాయండి. పిట్ట పడిన రోజే తీసేస్తే పురుగు పట్టే సమయం ఉండదు. వచ్చే ఏడు ఇలా మొదలైతే మొదటి రోజే బతికున్న రెండు మూడింటి రక్తం తీయించండి.

రొయ్యల రాజు
గిరీ, ఆ బస్తాల బండి సంగతి నేను కనుక్కుంటాలే. నా చెరువు మీద చచ్చిన చేపల్ని కూడా ఇన్నాళ్ళూ కుర్రాళ్ళు గట్టవతల విసిరేసేవాళ్ళు, గొయ్యి తవ్వమన్నాను. కూలి అదనంగా అడుగుతున్నారు, అది వేరే చర్చ. డాక్టరు గారూ, సున్నం బస్తాకి ఎన్ని కేజీల చేపకి సరిపోతుందో ఒక లెక్క చెప్పండి.

పశువుల డాక్టరు (రిటైర్డ్)
లెక్క కన్నా వరస ముఖ్యం రాజు గారూ. అడుగున సున్నం, ఒక పొర చేపలు, మళ్ళీ సున్నం, పైన కనీసం మూడడుగుల మట్టి. వర్షాకాలంలో నీళ్ళు ఊరే చోట తవ్వకండి.